బీరకాయ ఎలా వండాలండీ?

"దిగండి! ముందు మీరు కిందకి దిగండి!"

అమలాపురం బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన దుర్గాశ్రీ, గేటు కూడా తియ్యకుండానే అరిచింది. స్తంభానికి వేసిన నిచ్చెన మీద ఎవరో కరెంటు అతను. కింద నేలమీద బీరతీగ. మొదలంటా కోసేశాడు మహానుభావుడు. పసుపుపచ్చ పూలు ఇంకా వాడను కూడా లేదు.

"ఆయ్, దిగుతున్నానండీ. ఏమైందండీ?"

"తీగంతా కోసేసి ఏమైందంటారేంటండీ?"

"స్తంభాన్ని లాగి కట్టిన స్టే వైరు పట్టుకుని మీ ఇంటికొచ్చే సర్వీసు వైరు మీదకి పాకేసిందండీ. వానలొచ్చేయంటే షాక్ కొడుతుందని..."

"ఒక్క మాట చెబితే పక్కకి తిప్పుకునేవాళ్ళం కదా!"

"పిలిచేనండీ. లోపల మంచం మీద పెద్దావిడ ఉన్నారు. నాకేసి చూసి, అటు తిరిగి పడుకున్నారు."

దుర్గాశ్రీ ఇంటికేసి చూసింది. కోపం ఎటు పోయిందో, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఈ ఏడుపేంటని తనమీద తనకే చిరాకేసింది.

"మా నాన్నగారు పెట్టిన పాదండీ అది. విత్తులు పాతిన వారంలోనే పోయేరు. మొలక కూడా చూళ్ళేదు."

అతని పేరు వీరేంద్ర. ఆ చుట్టుపక్కల ఊళ్ళకి కొత్తగా వచ్చిన జూనియర్ లైన్‌మన్. తీగకున్న లేత బీరకాయలన్నీ ఏరి, తుడిచి, గేటు పక్కన అరుగు మీద పెట్టాడు.

"మీరే పట్టుకెళ్ళండి. మా ఇంట్లో వండేవాళ్ళూ లేరు, తినేవాళ్ళూ లేరు."

"నాకు వంట రాదండీ."

"అయితే నేర్చుకోండి!" అని గేటు దభీమని వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక ఆ లోపలి సంగతి. దుర్గాశ్రీ నాన్న లోవరాజు గారు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటికి బజారు కూరగాయ రాలేదు. వేసవి వచ్చిందంటే బీర, ఆనప, బెండ, వంకాయ, ఏం కావాలంటే అది పెరట్లోనే. ఆయన గుండెపోటుతో ఉన్నపళంగా వెళ్ళిపోయారు. మైల రోజుల్లో ఇంట్లో పోపు పెట్టరు కదా. ఆ రోజులు ఎప్పుడో తీరిపోయాయి గానీ ఆయన భార్య సత్యనారాయణమ్మకి తీరలేదు. ఉడకేసిన పప్పు, ఇంత అన్నం. అది కూడా కూతురి కోసమే. పెరట్లో అడుగు పెట్టడం మానేసింది. బెండకాయలు ముదిరి నార తేలుతున్నాయి. వంకాయలు చెట్టునే పండిపోతున్నాయి.

దుర్గాశ్రీ అమలాపురంలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. ఊళ్ళోవాళ్ళందరికీ రక్తపరీక్షలు చేసే పిల్ల, తల్లి రిపోర్టు చూసి వణికిపోయింది. "ఇలాగే తిండి మానేస్తే మనిషి దక్కదమ్మా," అన్నారు డాక్టరుగారు. మందులు రాశారు. మందులకి ఆకలి పుడుతుందా? నాన్న పోయారు, ఇప్పుడు అమ్మ కూడా కళ్ళముందే కరిగిపోతోంది. ఏం చెయ్యాలో ఆ పిల్లకి తోచలేదు.

"ఏమైనా తింటావా అమ్మా?"

"వద్దే."

"పోనీ పడుకో. నేను చూసుకుంటాలే."

రోజూ ఇవే మాటలు. ఆ సాయంత్రం మాత్రం లోవరాజు గారి ఫోను మోగింది. తల్లీకూతుళ్ళిద్దరూ బిత్తరపోయారు. ఆ ఫోనుకి రోజూ చార్జింగ్ పెట్టి సత్యనారాయణమ్మ తలగడ పక్కనే ఉంచుతారు గానీ, అది మోగి చాలా రోజులైంది.

"ఆయ్, నేనండీ. తీగ కోసినవాణ్ణండీ. మీ కనెక్షన్‌కి ఈ నంబరే ఉందండీ. బీరకాయ ఎలా వండాలండీ?"

నవ్వాలో తిట్టాలో దుర్గాశ్రీకి తెలియలేదు. అసలు చిక్కేంటంటే, ఆ సంగతి ఆమెకీ తెలియదు. ఇరవయ్యారేళ్ళొచ్చినా అమ్మ పొయ్యి దగ్గరికి రానిస్తే కదా!

"అమ్మా, బీరకాయ ఎలా వండాలంట?"

"ఎవరికి?"

"మన తీగ కోసేసినాయనకి."

సత్యనారాయణమ్మ ఇంటి కప్పుకేసి చూస్తూ నీరసంగా, "నీళ్ళు పొయ్యొద్దని చెప్పు. దాన్లోంచే ఊరతాయి," అంది.

మర్నాడు మళ్ళీ ఫోను. "నీళ్ళు పొయ్యలేదండీ. అయినా చెరువైపోయిందండీ!"

"మూత తీసి మగ్గనియ్యమను," అంది మంచం మీంచి సత్యనారాయణమ్మ.

అలా మొదలైంది. డ్యూటీకి వెళ్తూ అతను గేటు దగ్గర ఆగేవాడు. ఆ పూట పెరట్లో ఏది ముదరకుండా ఉంటే అది దుర్గాశ్రీ అతని చేతిలో పెట్టేది.

"వంకాయలు. దయచేసి మాడబెట్టకండి."

"మాటివ్వలేనండీ."

మధ్యాహ్నానికి ఆమె ఫోనుకే వాట్సాప్‌లో ఫోటో వచ్చేది. నల్లగా ఏదో.

"ఇది వంకాయా, బొగ్గా అండీ?"

"నాకూ డౌటేనండీ. పెద్దావిణ్ణి అడిగి చెప్పరా?"

ల్యాబ్‌లో ఒక్కతే కూర్చుని నవ్వేది. నవ్వేశాక భయం వేసేది. నాన్న పోయి ఏడాదైనా కాలేదు, నాకిదేం పోయేకాలం అనుకుని మొహం కడుక్కుని మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చునేది.

ఒకరోజు సత్యనారాయణమ్మకి విసుగొచ్చేసింది. "ఆ ఫోనిలా తే! ఏం బాబూ, కోసిన వంకాయలు ఉప్పునీళ్ళలో వేసేవా? గాలికొదిలేసేవా? మరి నల్లబడక ఏం చేస్తాయి?" అని కసిరి, ఫోను పెట్టేసి, కొంగు బిగించి, నేరుగా పెరట్లోకి నడిచింది. ఒడినిండా వంకాయలు కోసుకొచ్చింది. ఆ పూట ఆ ఇంట్లో పోపు చిటపటలాడింది. దుర్గాశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మీ అమ్మగారు ఇవాళ తిన్నారాండీ?" గేటు దగ్గర అతని మొదటి మాట ఎప్పుడూ అదే. ఆ మాట కోసమే ఆమె బస్సు తప్పిపోతున్నా గేటు దగ్గర నిలబడేది. కాయలు లేని రోజున కూడా.

అంతా సవ్యంగా ఉందనుకుంటూ ఉండగా కాట్రేనికోన నుంచి మహాలక్ష్మమ్మ అనే ఆవిడ షుగరు పరీక్షకని ల్యాబ్‌కి వచ్చింది.

"ఫోను నంబరు చెప్పండమ్మా, రిపోర్టు పంపుతాం."

"మా అబ్బాయిది రాసుకో తల్లీ," అని ఆవిడ చెబుతుంటే దుర్గాశ్రీ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆ నంబరు ఆమెకి కంఠతా వచ్చు.

"మీ అబ్బాయి... లైన్‌మనా అండీ?"

"ఆయ్! ఇంటికొచ్చేడంటే నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడమ్మా. అంతా వాడే. వాడి చేతి వంకాయ కూర తిన్నారంటే వదలరు."

దుర్గాశ్రీ ఆవిడకి జాగ్రత్తగా రక్తం తీసి, పత్తి అద్ది, బయటికొచ్చి ఫోను చేసింది.

"వంట వచ్చా మీకు?"

"వచ్చండీ."

"మరి ఆ బొగ్గులు?"

"కావాలనే మాడ్చేనండీ."

"మా అమ్మ ఏడుపు మీకు ఆటగా ఉందా? ఇంకోసారి ఫోను చెయ్యకండి."

ఇంటికెళ్ళి నాన్న ఫోను స్విచ్చాఫ్ చేసి బీరువాలో పడేసింది. అతను గేటు దగ్గర ఆగితే తలుపు తియ్యలేదు. అటు చూడకూడదనుకుంటూనే కిటికీలోంచి చూసింది. అతను కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

అంతకంటే ఘోరం ఇంట్లో జరిగింది. సత్యనారాయణమ్మ మళ్ళీ మంచం ఎక్కింది. మళ్ళీ అదే ఉడకేసిన పప్పు.

"ఆ ఫోనేదే?" అని అడిగింది ఒక సాయంత్రం.

"ఎందుకమ్మా? అతనికి వంట బ్రహ్మాండంగా వచ్చు. ఇన్నాళ్ళూ మనతో నాటకాలాడేడు."

"తెలుసు."

"తెలుసా?"

"లేత బీరకాయలు కదా, గరుకు గీసేసి తొక్క ఉంచేయనా, పచ్చడికని తీసేయనా అని నీచేతే అడిగించేడు. వంట రానివాడికి ఆ అనుమానం ఎలా వస్తుందే?"

"మరి తెలిసీ ఎందుకు చెప్పేవు?"

"అడిగేడు కాబట్టి చెప్పేను." ఆవిడ తలగడ పక్కకేసి చూసింది. "మీ నాన్న పళ్ళు తోముకుంటూనే ఇవాళ కూరేంటోయ్ అనేవారు. ఆయన పోయేక ఈ ఇంట్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరే. నువ్వేమో పడుకో పడుకో అంటావు. నేనేమో పడుకుంటున్నాను."

ప్రేమకొద్దీ అంటున్నాననుకున్న మాట అమ్మని మంచానికి కట్టేసిందని దుర్గాశ్రీకి అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆకాశం మూసుకుపోయి గాలివాన పట్టుకుంది. కొబ్బరి మట్టలు విరిగిపడ్డాయి, కరెంటు పోయింది. కాస్త తెరిపిచ్చేసరికి స్తంభం కింద తడిసి ముద్దయిన రెయిన్‌కోటు ఒకటి కనిపించింది. దుర్గాశ్రీ గొడుగు తీసుకుని పరిగెత్తింది.

"కరెంటు కోసమే వచ్చేనండీ. మాట్లాడ్డానికి కాదు," అన్నాడు వీరేంద్ర బెదురుగా.

"నేను మాట్లాడాలి. ఎందుకు అబద్ధమాడేరు?"

అతను చేతిలో ఉన్న ప్లయర్స్ వంక చూస్తూ చెప్పాడు. "మా నాన్న సముద్రం మీదకి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదండీ. నేనప్పుడు టెన్త్. మా అమ్మ ఇలాగే అటు తిరిగి పడుకుండిపోయింది. ఎవరు ఓదార్చినా పలకలేదు. ఆకలేసి నేనే పొయ్యి వెలిగించి, పులుసులోకి చింతపండు ఎంతమ్మా అనడిగేను. అప్పుడు నోరు విప్పింది. మీ అమ్మగారిని చూస్తే మా అమ్మే గుర్తొచ్చిందండీ. నాకు తెలిసిన మందు అదొక్కటే."

"మొదట్లో సరే. తర్వాతైనా నాకు చెప్పచ్చు కదా?"

"చెప్పేస్తే మీరు గేటు దగ్గరికి రారేమోనని భయమేసిందండీ. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. ఇది అబద్ధం కాదు. ఇక మీ ఇంట్లో అబద్ధమాడనండీ, ఒట్టు."

చినుకులు మళ్ళీ మొదలయ్యాయి. ఆమె గొడుగు అతని మీదకి జరిపింది.

"పూర్తిగా తడిసేక పడుతున్నారేంటండీ గొడుగు?"

"ఇప్పటికైనా పట్టేను. సంతోషించండి."

"బాబూ!" అరుగు మీంచి సత్యనారాయణమ్మ కేక. కూతురి చూపులు నిన్నట్నుంచీ గేటు మీదే ఉండటం గమనించి, ఆవిడే పొద్దున్న లేచి పొయ్యి వెలిగించింది. "అన్నం తినేసి వెళ్ళు."

"లైను ఇచ్చేసి వస్తానండీ! ఊరంతా కరెంటు కోసం చూస్తోంది!"

లైను ఇచ్చాడు, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. పాలు పోసి వండిన ఆనపకాయ కూర. మొదటి ముద్దకే దుర్గాశ్రీకి తెలిసిపోయింది, కూరలో ఉప్పు లేదు. ఏమీ అనొద్దని అతనికి కళ్ళతో సైగ చేసింది. ఇన్నాళ్ళకి వండింది, మళ్ళీ మంచమెక్కేస్తుందేమోనని ఆమె భయం.

"ఎలా ఉంది బాబూ?"

వీరేంద్ర దుర్గాశ్రీకేసి చూశాడు. కంచంకేసి చూశాడు.

"ఉప్పు మర్చిపోయేరండీ."

సత్యనారాయణమ్మ గరిటె పట్టుకునే కూలబడింది. "పాలు విరుగుతాయని దింపేక వేద్దామనుకున్నాను. దింపేను... మర్చిపోయేను..." అంటూ బావురుమంది. లోవరాజు గారిని తీసుకెళ్ళిన రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు.

దుర్గాశ్రీ అతన్ని కొరకొరా చూసి లేవబోయింది. "పర్లేదమ్మా, బాగానే ఉంది..."

"నువ్వూరుకోవే! ఉప్పున్నా లేకపోయినా ఇన్నాళ్ళూ బాగుందనే తిన్నావు. నేనొకత్తెని బతికున్నానో లేదో నాకే తెలియకుండా పోయింది."

దుర్గాశ్రీ లేచి వెళ్ళి ఉప్పు తెచ్చి తల్లి చేతికి అందేలా పెట్టింది. ఆవిడ కూరలో వేసి కలిపి, రుచి చూసి, ఇంకో చిటికెడు వేసింది. ఇద్దరికీ మళ్ళీ వడ్డించి తనకీ ఒక కంచం పెట్టుకుంది.

"వచ్చే ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా బాబూ. ఆవిడతో ఒక మాట మాట్లాడాలి."

"ఏ మాటండీ?" అన్నాడు వీరేంద్ర.

"నీతో చెప్పేదైతే మీ అమ్మెందుకూ?"

దుర్గాశ్రీ తల ఎత్తలేదు. ఆమెకీ కన్నీళ్ళు ఆగడం లేదు. ఓదార్చడానికి నోటిదాకా వచ్చిన మాటని ఆపుకుని, "ఇంకొంచెం పెట్టనా అమ్మా?" అని మాత్రం అడిగింది.

సత్యనారాయణమ్మ ఏడుస్తూనే తలూపి, ఏడుస్తూనే రెండోసారి అన్నం పెట్టించుకుంది.