పాత కాపీలో లేచొచ్చిన పేరు

"మా ఆయన దొంగ కాదండీ!" అంటూ ఆమె డిటెక్టివ్ గది గుమ్మంలోనే కూలబడింది.

ఆదివారం ఆసుపత్రి మందుల స్టోరు తలుపు ఆమె భర్త కార్డుతో తెరుచుకుంది. ఖరీదైన ఇంజెక్షన్లు పెట్టెలకు పెట్టెలే మాయమయ్యాయి. నెల కిందటే ఉద్యోగం పోయిన ఆ స్టోర్‌కీపర్ ఇప్పుడు లాకప్పులో ఉన్నాడు. మందులు తరిగిపోతున్నాయేమని ఆసుపత్రి ఆఫీసరును నిలదీసినందుకే అతన్ని పంపేశారు. వింటే ఒళ్లు మండదూ?

"కార్డేమైంది?" అన్నాడు డిటెక్టివ్.

"ఉద్యోగం పోయిన రోజే ఆఫీసరు గారి చేతికి ఇచ్చేశారండీ. ఇవ్వలేదని ఆయన అబద్ధమాడుతున్నారు!"

డిటెక్టివ్ కళ్లు ఎర్రబడ్డాయి. ఆయన మాట్లాడకుండా కోటు అందుకున్నాడంటే ఎవరికో మూడినట్టేనని అసిస్టెంటుకు తెలుసు.

ఆసుపత్రి కంప్యూటర్ల గదిని చూసుకునే అమ్మాయి అప్పటికే కుతకుతలాడుతోంది.

"సిబ్బంది పేర్లు, కార్డులు, ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలన్నదీ అంతా ఒకే డైరెక్టరీ సర్వర్లో ఉంటుందండీ. శనివారం అది పాడైంది."

"బ్యాకప్ లేదా?"

"ఎందుకు లేదు! రోజూ కాపీ తీస్తా. తీసి ఊరుకోను, ఈ పక్క మిషన్లో ఎక్కించి పనిచేస్తోందో లేదో చూస్తా. శుక్రవారం కాపీ భేషుగ్గా ఉంది. ఆఫీసరు గారేమో రెండు నెలల నాటిదే ఎక్కించమన్నారు. మానేసినవాళ్ల పేర్లు మళ్లీ లేచొస్తాయి సార్ అని మొత్తుకున్నా. చెప్పింది చెయ్యమన్నారు."

గోడ మీద ఆఫీసరు సంతకంతో ఒక ఉత్తర్వు అంటించి ఉంది. మానేసిన ఉద్యోగి కార్డును కళ్లారా చూశాకే సర్వర్లో పేరు తొలగించాలట. అది చదివి అసిస్టెంటు తల గోక్కున్నాడు. డిటెక్టివ్ పళ్లు నూరాడు.

సాయంత్రం ఇన్‌స్పెక్టర్‌నీ, ఆఫీసర్నీ, స్టోర్‌కీపర్ భార్యనూ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు.

"వాడు కార్డు ఇవ్వనే లేదండీ," అన్నాడు ఆఫీసరు చల్లగా నవ్వుతూ.

"ఖాయమేనా?"

"నా పిల్లల మీద ఒట్టు."

"అమ్మాయీ, శుక్రవారం కాపీని పక్క మిషన్లో ఎక్కించు."

పేర్లన్నీ తెర మీదికి వచ్చాయి. వాటిలో స్టోర్‌కీపర్ పేరు లేదు.

"చూశారా ఇన్‌స్పెక్టర్ గారూ! ఈ పేరు ఎప్పుడో తీసేశారు. కార్డు చూడందే ఈ అమ్మాయి పేరు తీయదు. రూలు పెట్టింది ఈ పెద్దమనిషే. కార్డు తెచ్చి చూపించిందెవరమ్మా?"

"సారే. చూపించి జేబులో వేసుకున్నారు."

"ఇంతవరకూ చెప్పలేదేం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నన్నెవరడిగారండీ?"

డిటెక్టివ్ బల్ల మీద చరిచాడు. "కార్డు నీ దగ్గర! తీసేసిన పేరును మళ్లీ బతికించిందీ నువ్వే! తలుపు తీయడానికి ఇంకేం కావాలయ్యా? నిన్ను నిలదీసినవాడి నెత్తినే దొంగతనం రుద్దుతావా? సిగ్గు లేదూ!"

ఇన్‌స్పెక్టర్ ఆఫీసరు సొరుగు తెరిపించాడు. కార్డు అందులోనే ఉంది.

"పొరపాటైపోయిందమ్మా," అని నసిగాడు ఆఫీసరు. "మీ ఆయన్ని మళ్లీ ఉద్యోగంలోకి..."

ఆమె లేచి అతని ఎదురుగా నిలబడింది. "బడిలో మా పాపను దొంగ కూతురన్నారు. ఇంక బడికెళ్లనని అది తలుపేసుకుని ఏడుస్తోంది. ఆ మాట పడకముందున్న నా బిడ్డను ఏ కాపీలోంచి తెస్తావురా?"

ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"మీరేం చూస్తున్నారు? ముందు మా ఆయన్ని వదలండి!"