అప్పాయమ్మ దులిపిన జల్లెడ

మహేశ్వరి నన్ను మొదటిసారి చూసిన రోజున నా ఎడమకాలి సాక్సుకి చిల్లు ఉంది. బొటనవేలు పెళ్లిచూపులకి వచ్చినవాడిలా ముందుకొచ్చి నిలబడి ఉంది. తరవాత జరిగిందంతా ఆ చిల్లు వల్లే జరిగిందంటే మీరు నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం చాలా రోజులు ఆ గుమ్మం తలుచుకుంటే తల పైకి లేచేది కాదు.

నా పేరు ఉదయ్‌కుమార్. మాది చీపురుపల్లి దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. డిగ్రీ అయ్యాక విశాఖపట్నం వచ్చి, బట్టలు ఆరబెట్టే మిషన్లు, అదే డ్రయ్యర్లు, బిగించే ఉద్యోగంలో చేరాను. మిషన్ బిగించాలి, వాడకం చూపించాలి, కాగితం మీద పది గళ్లలో పది టిక్కులు పెట్టి సంతకం తీసుకోవాలి. దాన్ని డెమో అంటారు.

వన్ టౌన్‌లో ఎండ పొడ పడని సందులో వాళ్లిల్లు. తండ్రి సూరన్నకి హార్బర్‌లో బోటు ఉంది. మహేశ్వరి రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ల్యాబులో పని చేస్తుంది. అక్కడ తెల్లకోటు మీద ఒక్క చుక్క కనిపించినా లోపలికి రానివ్వరు. వన్ టౌన్ డాబా మీద ఆరేసిన తెల్లబట్ట మీద చుక్క పడకుండా ఉండదు. పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే అక్కడి బొగ్గుగుట్టల నల్లపొడి వచ్చి వాలిపోతుంది. పైగా బట్టలు ఆరేసే నానమ్మ అప్పాయమ్మకి మోకాళ్ల నొప్పులు. అందుకని మహేశ్వరి తన జీతంతో డ్రయ్యర్ కొంది.

గుమ్మంలో బూట్లు విప్పాక నా వేలు నాకు కనిపించింది. అదే క్షణంలో ఆమె కూడా కనిపించింది. తడి జుట్టు, పసుపు చుడీదారు, చేతిలో మజ్జిగ గ్లాసు. గభాలున కుడికాలు ఎత్తి ఎడమకాలి మీద పెట్టాను.

"కూర్చోండి," అంది.

"పర్లేదండీ."

"కాలికి ఏమైనా అయిందా?"

"లేదండీ. అలా నిలబడ్డం అలవాటు."

"కొంగకి కూడా అదే అలవాటు," అని గ్లాసు చేతికిచ్చింది. పెదవుల్లో నవ్వు లేదు. అంతా కళ్లలోనే దాచుకుంది.

డెమో కాగితంలో ఆరో గడి ఫిల్టరు. బట్టలు లోపల తిరుగుతుంటే వాటి నుంచి దూదిలాంటి నూగు రాలుతుంది. అది మిషన్ తలుపు తియ్యగానే నోటి దగ్గర, కింది అంచులో ఉండే చిన్న వలలాంటి ఫిల్టరులో చేరుతుంది. వాడిన ప్రతిసారీ దాన్ని పైకి లాగి నూగు తీసెయ్యాలి. తియ్యకపోతే వేడిగాలి పోయే దారి మూసుకుపోతుంది. ఎండిన నూగు కంటే తేలిగ్గా అంటుకునేది ఇంట్లో ఇంకోటి ఉండదు. ఇదంతా చూపించాలంటే నేల మీద గొంతుక్కూచోవాలి. కూచుంటే రెండు పాదాలూ పక్కన నిలబడ్డ మహేశ్వరికి బాగా కనిపిస్తాయి.

నేను కూచోలేదు. కొంగలాగే నిలబడి మిషన్ వైపు చెయ్యి ఊపాను. ఫిల్టరంటే ముసలావిడకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. చదువుకున్నా పల్లె మాట మరిచిపోని మనిషినని ఆ అమ్మాయికి తెలియాలని కూడా అనుకున్నాను.

"జల్లెడ ఉంటుంది మామ్మా. రోజూ దులపాలి. మరిచిపోకూడదు."

"జల్లెడేనా? అదెంత పని నాయనా," అంది అప్పాయమ్మ.

ఆరో గడిలో టిక్కు పెట్టేశాను. ఆమె వేలిముద్ర వేసింది.

నేను బూట్లు తొడుక్కుంటుంటే మహేశ్వరి లోపలికి తిరిగి, "నానమ్మా, నాను ఎల్తన్నాను, తలుపేసుకో," అని కేకేసింది. నాతో మాట్లాడినంతసేపూ ఆఫీసు తెలుగు, నానమ్మతో ఇంటి తెలుగు. నేనూ అంతే. బయటివాళ్ల దగ్గర 'నేను', మా అమ్మ దగ్గర 'నాను'. ఆ రెండో తెలుగులో ఆమె నాతో ఎప్పటికైనా మాట్లాడుతుందా అనుకుంటూ సందు దాటాను.

వారానికోసారి ఫోన్ చేసి మిషన్ బాగుందా అని అడిగేవాణ్ణి. కంపెనీలో అలాంటి నియమం ఏదీ లేదు. మూడో వారం ఆమె, మీ కంపెనీ ఇప్పటిదాకా అమ్మింది ఒక్క మిషనేనా అని అడిగింది. దొరికిపోయానని తెలిసింది. పెట్టెయ్యమనలేదు కాబట్టి నాలుగో వారం కూడా చేశాను.

ఒక సాయంత్రం పూర్ణా మార్కెట్ దగ్గర వాన పట్టుకుంది. ఉల్లిపాయల కొట్టు రేకు కిందికి దూరితే అక్కడ ఆమె ఉంది. మా ఇద్దరి మధ్యా రెండు బస్తాల ఉల్లిపాయలు. అవీ ఇవీ మాట్లాడుకున్నాం. ఇవాళ మీరు రెండు కాళ్ల మీదా నిలబడ్డారే అంది. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు, "మిషన్ మొదట్లో గంటలో ఆరబెట్టేసేది. ఇప్పుడు రెండు గంటలు పడుతోంది. తలుపు కూడా బాగా కాలుతోంది," అంది.

ఆ మాట వినగానే నేను వానలోనైనా పరిగెత్తాలి. గంట పని రెండు గంటలు అయిందంటే దారి మూసుకుందన్నమాటే. ట్రైనింగులో మొదటి రోజు పాఠం అది. కానీ ఆమె ముంగురుల చివర ఒక వానచుక్క, పడదామా వద్దా అని ఊగుతోంది.

"మీరు ఇంటికొచ్చేదాకా అది కూడా ఎదురుచూస్తోందేమో," అన్నాను.

ఆమె నవ్వింది. చుక్క రాలింది. నేను వేసిన జోకుల్లో అంత బాగా పేలింది ఇంకోటి లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మిషన్ అంటుకుంది.

అప్పాయమ్మ బట్టలు వేసి పక్కగదిలో నడుం వాల్చిందట. పొగ వాసనకి లేచి, తలుపు మీద చెయ్యి వేస్తే అరచెయ్యి కాలింది. అదృష్టం కొద్దీ సూరన్న వేట నుంచి వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. బోటులో ఇంజను గది అంటుకుంటే మూత తియ్యకూడదు, గాలి తగిలితే మంట లేస్తుంది. ఆ తెలివితో మిషన్ తలుపు తియ్యకుండా మెయిన్ ఆపేసి, తల్లిని రెండు చేతులా ఎత్తుకుని బయటికొచ్చి, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాడు. గోడ నల్లబడింది. మూడు తెల్లకోట్లు బూడిదయ్యాయి. మనుషులు దక్కారు.

కారణం రాసుకురమ్మని కంపెనీ నన్నే పంపింది.

ఈసారి గొంతుక్కూచున్నాను. సగం కరిగిన ఫిల్టరుని పట్టకారుతో లాగితే, మాడిన నూగు కంబళిముక్కలా మందంగా ఊడొచ్చింది. బిగించిన రోజు నుంచి ఒక్కసారి కూడా ఎవరూ దాన్ని బయటికి తియ్యలేదు.

మూలన పీట మీద అప్పాయమ్మ కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూచుంది. సందులో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ముసల్దాని చేతికి కరెంటు మిషనిస్తే ఇల్లు కాలదా అని ఆమె వింటుండగానే అంటున్నారు.

"రోజూ దులపమని చెప్పారు కదా నానమ్మా," అంది మహేశ్వరి మెత్తగానే.

"దులిపేను. ఒక్క రోజు మానలేదు," అంది అప్పాయమ్మ. ఎవరూ నమ్మినట్టు లేదు. లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి ఒక జల్లెడ పట్టుకొచ్చింది. పిండి జల్లెడ. తోమి తోమి అద్దంలా ఉంది. "ఇదుగో. సూడండి. పిండి రేణువు కూడా నేదు."

సూరన్న ముఖం తిప్పుకున్నాడు. మహేశ్వరి కళ్లు నీళ్లతో నిండాయి. నానమ్మకి మతి తప్పుతోందని వాళ్లకి అర్థమైంది. నాకు మాత్రం అసలు సంగతి అర్థమైంది. నా చేతిలో ఉన్న మాడిన నూగు కన్నా నా ముఖమే నల్లగా అయి ఉంటుంది.

ఆ క్షణంలో నోరు విప్పాల్సింది. విప్పలేదు. మా మేనేజరు దేవీప్రసాద్ ఫోన్‌లో, వేలిముద్ర ఉంది కదా, వాడేవాళ్ల నిర్లక్ష్యం అని రాసెయ్ అన్నాడు. ఫిల్టరు శుభ్రం చేయలేదు అని రాశాను. అందులో అబద్ధం లేదు. అందుకే అది మరీ నీచంగా ఉంది. గుమ్మం దాకా వచ్చిన మహేశ్వరి, నానమ్మని ఒక్క మాట అననందుకు థాంక్స్ అంది. బూట్ల లేసు కట్టుకుంటున్నట్టు వంగి ఉండిపోయాను.

ఐదో రోజు ఆమె దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. నానమ్మ వంట మానేసిందట. ఉప్పు వేశానో లేదో నాకే తెలీదు, నా చేతి కూడు ఎవరూ తినకండి అంటోందట. శనివారం మతిమరుపు డాక్టరుకి చూపిస్తారట. చివర్న, మీకు తెలిసిన మంచి డాక్టరు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

అన్నం ముందు కూచున్నవాణ్ణి లేచి చెయ్యి కడుక్కున్నాను.

వాళ్లింటికి వెళ్లేసరికి ముగ్గురూ ఉన్నారు. గుమ్మంలో బూట్లు విప్పాను. అదే సాక్సు, అదే చిల్లు. ఈసారి కాలు దాచుకోలేదు.

"డాక్టరు అక్కర్లేదు," అన్నాను. "మామ్మకి మతి బాగానే ఉంది. తప్పు నాది."

కాలిపోయిన మిషన్ ముందు గొంతుక్కూచుని, దాని నోటి అంచులో ఫిల్టరు పెట్టే సందు చూపించాను. "దులపాల్సింది ఇక్కడ. ఆ రోజు నాను ఇది సూపించలేదు. వంగితే నా సాక్సు చిల్లు మహేశ్వరి గారికి కనపడతాదని సిగ్గేసింది. నిలబడే జల్లెడ దులపమన్నాను. ఏ జల్లెడో సెప్పలేదు. మామ్మకి తెల్సిన జల్లెడ వంటింట్లోదే కదా." ఏ తెలుగు మాట్లాడుతున్నానో చూసుకునే స్థితిలో లేను. "చూపించినట్టు టిక్కు పెట్టేసేను. మొన్న ఆ పిండి జల్లెడ సూసి కూడా నోరు మూసుకుని ఎల్లిపోయేను."

ముందు కదిలింది అప్పాయమ్మే.

"అయితే నా మతి పోనేదన్నమాట," అంది. ఆ మాటతోనే ఏడ్చేసింది. చెయ్యి కాలినప్పుడు కూడా ఏడవని మనిషి, కొడుకు భుజం మీద తల పెట్టుకుని చిన్నపిల్లలా వెక్కింది. సూరన్న మెల్లగా, తప్పయిపోనాది అమ్మా, నిన్ను నమ్మలేదు అన్నాడు. దాన్ని చూస్తూ నిలబడడం కంటే ఆయన నా చెంప పగలగొడితే బాగుండేది.

మహేశ్వరి నా దగ్గరికొచ్చింది.

"వానలో రెండు గంటలు పడతందని నాను సెప్పినప్పుడు నీకు తెల్సా?"

"తెలియాల. ఆలోచించలేదు."

"ఏటి సేత్తన్నావ్ మరి?"

"నీ జుట్టు మీద వానచుక్క సూత్తన్నాను."

ఆమె ముఖం ఎర్రబడింది. అది సిగ్గు కాదు. "మా నానమ్మ సచ్చిపోయుంటే ఆ సుక్క గుర్తుండేదా నీకు? ఎల్లిపో."

నేను ఎదురుచూసిన ఆ రెండో తెలుగులో ఆమె నాతో మాట్లాడ్డం అదే మొదలు.

రిపోర్టు తిరగరాసి ఇచ్చాను. వాళ్లకి కొత్త మిషన్ ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. నన్ను డెమోల నుంచి తీసేసి గోడౌన్‌లో పడేశారు. తక్కువే అనిపించింది. అప్పటిదాకా నేను డెమో ఇచ్చిన ఇళ్లు ముప్పై ఏడు. ఆదివారాలు ఒక్కొక్క ఇంటికే వెళ్లి, నేల మీద కూచుని, ఫిల్టరు తీసి చూపించి, నూగు వాళ్ల చేతే తీయించి వచ్చాను. మల్కాపురంలో రాణి అనే ఆవిడ, మీరు చెప్పారని మిషన్ కోసం కొత్త జల్లెడ కొని దాని మీదే పెట్టానండి, ఏం చెయ్యాలో తెలీక రోజూ దులుపుతున్నాను అంది. ఆమె నవ్వింది. నేను గబగబా మిషన్ తలుపు తీశాను. ఆ ఫిల్టరులో నూగు వేలెడు మందం ఉంది.

మహేశ్వరికి ఫోన్ చెయ్యలేదు. ఏ ముఖంతో చేస్తాను?

రెండు నెలలు పోయాక ఒక ఉదయం దేవీప్రసాద్ గోడౌన్‌కి వచ్చాడు. చేతిలో కాగితం చూసుకుంటూ, "వన్ టౌన్‌లో కొత్త మిషన్ బిగించేరు. డెమోకి ఎవర్ని పంపినా ఒద్దంటన్నారు. కొంగని పంపమంటన్నారు. మనలో కొంగెవడ్రా బావ?" అన్నాడు.

చెయ్యి ఎత్తాను.

ఆ రోజు అసలు సాక్సులే వేసుకోలేదు. వెళ్లేసరికి సందులో ఆడవాళ్లంతా లోపల ఉన్నారు. డెమో నేనివ్వలేదు. మిషన్ ముందు పీట వేసుకుని అప్పాయమ్మ ఇస్తోంది. ఒక చేత్తో ఫిల్టరు పైకి లాగి, ఇంకో చేతిలో పిండి జల్లెడ పట్టుకుని, "ఇది మిసను జల్లెడ. ఇది నా జల్లెడ. రెండూ దులపాల. బట్టలు ఆరడానికి ఎక్కువసేపు పడితే ఎంటనే ఆపీయాల. మిసను తిరుగుతుంటే నాలాగ తొంగోకండి," అంటోంది. మొన్న ముసల్దాని చేతికి మిషనేమిటని అన్నవాళ్లే నోరు తెరుచుకుని వింటున్నారు.

గుమ్మం బయటే నిలబడిపోయిన నన్ను సూరన్న చూశాడు. అల్లుకుంటున్న వల పక్కన పెట్టాడు.

"లోపలికి రా బాబూ. వల్లో సెత్త పడతాది. దులుపుకుని మళ్లీ ఏసుకుంటాం. వలని సముద్రంలో పారేసి రాం కదా," అన్నాడు. ముప్పై ఏడిళ్ల సంగతి ఆయనకెలా తెలిసిందో నాకు తెలీదు. మల్కాపురం రాణికి హార్బర్‌లో చుట్టాలున్నారని తరవాత విన్నాను.

డెమో కాగితం మహేశ్వరి తీసుకుంది. ఒక్కొక్క గడే చదివి, నానమ్మని అడిగి, టిక్కు పెట్టింది. ఆరో గడి దగ్గర ఆగి నా కాళ్ల వైపు చూసింది. టిక్కు మాత్రం గట్టిగా, కాగితం చిరిగేలా పెట్టింది.

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. ఏం మాట్లాడాలో తెలీక, నేల చూపులు చూస్తూ, ఉద్యోగం ప్రకారం అడగాల్సిందే అడిగాను.

"మిషన్ ఎంతసేపు తీసుకుంటోందండీ?"

"గంటే. దానికి ఎదురుసూడ్డం రాదు," అంది. కాస్త ఆగింది. "నాను సూత్తన్నాను. రెండు నెల్లబట్టి."

'నేను' లేదు. 'చ' లేదు. ఈసారి కోపం కూడా లేదు.

ఆ గుమ్మంలో మొదటిసారి తల ఎత్తాను.