ఆవిరి గదిలో ఒక్క సూది

మంచు గుంటలోకి దిగేటప్పుడు యూర్యో నవ్వుతూనే ఉన్నాడు. ఆవిరి గదిలో ఉడికిన ఒళ్లు ఎర్రబడి పొగలు కక్కుతోంది. గడ్డకట్టిన సముద్రంలో కోసిన గుంట అది. చెక్క నిచ్చెన పట్టుకుని, "మా అవ్వ ఎనభై ఏళ్లొచ్చినా దిగేదిరా ఇందులోకి" అన్నాడు ఒడ్డునున్న వాళ్లతో. మెడ దాకా మునిగాడు. పెదాల మీద నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్లలోంచి మాత్రం మనిషి వెళ్లిపోయాడు.

గుండె ఆగిందన్నారు. చలికాలపు హెల్సింకీలో అలాంటి చావు గురించి రెండో ప్రశ్న ఎవరూ వెయ్యరు.

సైమి రౌతియో వేసింది. యూర్యో, తనూ ఒకే రహస్య శాఖలో ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. అతని గుండె గుర్రం గుండె అని ఆమెకు తెలుసు.

జవాబు డాక్టర్ హెల్వి చెప్పింది. చేపల మార్కెట్ వెనక ఆఫీసులో, స్టీలు పళ్లెంలో ఒక మాంసం ముక్క పెట్టి చూపించింది. పక్కన శాఖ అధిపతి విల్యో పైపు నములుతూ కూర్చున్నాడు.

"ఇది మూత్రపిండం మీద టోపీలా కూర్చునే గ్రంథి," అంది హెల్వి. "నిండుగా ఉండాల్సింది. చూడు, ఎండిన పుట్టగొడుగు ముక్కలా ఉంది. యూర్యో చనిపోయింది దీనివల్ల."

"అర్థమయ్యేలా చెప్పు," అంది సైమి.

"ఒంటికి కష్టమొచ్చిందనుకో. చలి, జ్వరం, భయం, ఏదైనా సరే. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఇంకొకటుంది, అది కబురు పంపుతుంది. ఆ కబురే హార్మోన్. రక్తంలో కొట్టుకొచ్చి ఈ గ్రంథిలోని కణాల తలుపు తడుతుంది. లోపలికి మాత్రం రాదు."

"తలుపు తట్టి ఊరుకుంటుందా?"

"నీలాంటిదే. గుమ్మంలో సంకేతం చెప్పి పోతుంది. లోపల ఇంకో కొరియర్ ఉంటాడు. వాడు పరుగెత్తి పనివాళ్లను లేపుతాడు. వాళ్లు గోదాములో దాచిన కొలెస్టరాల్‌ని కొలిమి గదికి మోసుకెళ్తారు. కబురు వస్తే గానీ ఆ గది తలుపు తెరుచుకోదు. తెరుచుకుంటే లోపల కొవ్వు కాస్తా స్టెరాయిడ్‌గా మారుతుంది. కార్టిసాల్ అంటాం. అది రక్తంలోకి దూకి మనిషిని నిలబెడుతుంది. సరిపడా తయారయ్యాక ఆ సరుకే మెదడు దగ్గరికెళ్లి 'ఇక చాలు' అంటుంది. కబుర్లు ఆగిపోతాయి."

విల్యో పైపు తీశాడు. "శత్రువులు పట్టుకున్నది ఆ 'ఇక చాలు'నే. అలాంటి సరుకే మాత్రలుగా చేసి యూర్యోకి వారాల తరబడి మింగించారు, విటమిన్లని చెప్పి. మెదడు మోసపోయింది. సరుకు దండిగా ఉందనుకుని కబుర్లు మానేసింది. కబురు లేక పనివాళ్లు పడుకున్నారు. గ్రంథి ఎండిపోయింది. అప్పుడు మాత్రలు ఆపేశారు."

"అంటే విషం పెట్టలేదు."

"పెట్టలేదు. ఇస్తున్నది ఆపారు, అంతే. ఆ తర్వాత ఒక్క గట్టి దెబ్బ చాలు. మన దేశంలో ఆ దెబ్బను మనమే సరదాగా తిని వస్తాం."

మాత్రలిచ్చిన మనిషి ఎవరో వాళ్లకి తెలుసు. ఇర్మెలి. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల ఒళ్లు పట్టే అందగత్తె. రెండేళ్లుగా విల్యోకి రహస్యాలు మోస్తోంది. అటువైపు కూడా మోస్తోందని యూర్యో చావుతో తేలింది. ఇప్పుడు ఆమె ఒళ్లు పడుతూ అవే విటమిన్లు మింగిస్తున్నది తౌనో సాల్మెలాకి. విదేశీ ముఠాకి అమ్ముడుపోయిన వాళ్ల పేర్లు తౌనో సోమవారం పార్లమెంటు సంఘం ముందు చదవబోతున్నాడు. దానికి ముందు శనివారం ద్వీపంలోని క్లబ్బులో విదేశీ అతిథులతో ఆవిరి స్నానం.

"తౌనోకి చెప్పేస్తే పోలా?" అంది సైమి.

"చెబితే నమ్మడు. నమ్మినా మానడు," అన్నాడు విల్యో. "అతిథుల ముందు మంచు గుంట దాకా వెళ్లి వెనక్కి తిరిగినవాణ్ని మనవాళ్లు వాడి సమాధి దగ్గర కూడా వెక్కిరిస్తారు. పైగా ఆపితే ఇర్మెలిని ఆడించేవాడు జారుకుంటాడు. వాడి మొహం ఇంతవరకూ మనమెవరం చూళ్లేదు. చావు ఖాయమైందో లేదో చూసుకోవడానికి వాడు అక్కడికి వస్తాడు."

"అంటే తౌనో ఎర."

విల్యో అగ్గిపుల్ల వెలిగించాడు. అదే జవాబు.

హెల్వి బిర్చి చెట్టు రెమ్మల కట్ట ఒకటి ఇచ్చింది. ఆవిరిలో ఒళ్లు బాదుకునే కట్ట. దాని పిడిలో కార్టిసాల్ నింపిన సిరంజి ఉంది. "తొడలో దింపు. ఆ పిడిలో ఒక్కటే పడుతుంది. ఇద్దరికి లేదు, గుర్తుంచుకో."

మగాళ్ల ఆవిరి గదిలోకి ఆడది వెళ్లాలంటే ఆ దేశంలో ఒక్కటే వేషం. ఒళ్లు రుద్దే మనిషి. యాభై దాటిన ఆడమనిషి రబ్బరు ఏప్రన్ కట్టుకుని బకెట్టు పట్టుకుంటే, ఆమెను చూసేవాడే ఉండడు.

శనివారం సైమి ఆ వేషంలోనే వెళ్లింది. తౌనో కింది బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. పై బల్ల మీద స్విస్ కాగితాల వ్యాపారి, డేనిష్ ఓడల యజమాని చెమటలు కారుస్తున్నారు. వీళ్లలో ఎవడు? సైమి తౌనో వీపు రుద్దుతూ ఇద్దరినీ గమనించింది.

"గట్టిగా రుద్దమ్మా," అన్నాడు తౌనో. "మా ఆవిడ పిండి పిసికినట్టు."

"ఆ పిండి రొట్టెలన్నీ మీ బుగ్గల్లోకే పోయినట్టున్నాయి అయ్యగారూ. మొహం చందమామలా గుండ్రంగా అయింది."

"దీనికి నోరెక్కువే," అని నవ్వబోయాడు. నవ్వడానికీ ఓపిక లేదు. "నాలుగు రోజుల్నుంచి కాళ్లు ఈడుస్తున్నానమ్మా. ఆవిరి, సారా, తారు, ఈ మూడింటికీ లొంగని జబ్బు చావుకే లొంగుతుందన్నారు పెద్దలు. ముందు ఆవిరి చూద్దాం."

"ఇవాళ మంచు గుంట మానేయకూడదూ?"

"నువ్వు నా తల్లివా, పెళ్లానివా?" అన్నాడు. పై బల్ల మీద వాళ్లు నవ్వారు.

బకెట్టు నింపే వంకతో సైమి బట్టలు మార్చుకునే గదికి వచ్చింది. ఇర్మెలి నీలం పట్టు గౌనులో బెంచీ మీద కూర్చుని ఉంది. బంగారు రంగు జుట్టు, పెదాలకు ఎర్రరంగు, ఉబ్బిన బుగ్గల మీద దట్టంగా పౌడరు. ముందు బల్ల మీద ఉప్పులో ఊరిన చేపల గిన్నె. చేపలు అలాగే ఉన్నాయి. ఆమె గిన్నె ఎత్తి ఆ ఉప్పునీళ్లు తాగుతోంది.

సైమి బకెట్టు కింద పెట్టింది.

"అదేం తాగుడమ్మా?"

"నోరు చప్పగా ఉంది. నీ పని చూసుకో." లేవబోయింది. కళ్లు తిరిగి మళ్లీ కూలబడింది.

"తారు సబ్బు ఉందా?" అడిగింది సైమి.

అది విల్యో మనుషులకే తెలిసిన మాట. ఇర్మెలి చేతిలో గిన్నె ఆగింది. "అయిపోయింది. బిర్చి సబ్బే ఉంది," అంది, అలవాటుగా. తర్వాత ఆ రబ్బరు ఏప్రన్ వైపు మొదటిసారి సరిగ్గా చూసింది.

"తౌనోకి మాత్ర ఇచ్చినప్పుడల్లా నువ్వూ ఒకటి మింగేదానివి కదూ?"

"మింగకపోతే నమ్ముతాడా? కాఫీతో ఆయనకొకటి, నాకొకటి." దాచి లాభం లేదని ఆమెకు తెలిసిపోయింది. "నావి ఒట్టి పిండి మాత్రలు."

"ఎవరు చెప్పారు?"

ఇర్మెలి గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"ఒట్టి పిండి మానేస్తే ఎవరూ చేపల నీళ్లకు ఎగబడరమ్మాయ్. ఆ మాత్రలు మొహం ఉబ్బిస్తాయి, ఆపితే ఒళ్లు ఉప్పు కోరుతుంది. అద్దంలో చూసుకో. తౌనో మొహం నీ మెడ మీద ఉంది. నీకూ అవే మాత్రలు ఇచ్చారు. ఆయనకు ఆపిన రోజే నీకూ ఆపారు."

ఇర్మెలి చెయ్యి బుగ్గ మీదకు వెళ్లింది. "నన్నెందుకు? వాళ్లు చెప్పిందల్లా చేశానే."

"నిన్ను ఆడించేవాడి మొహం చూశావుగా." సైమి కట్ట పిడి తిప్పి సూది చూపించింది. "ఇది పడితే బతుకుతావు. ఒక్కటే ఉంది. వాడెవడు?"

"ముందు పొడువు."

"ముందు చెప్పు."

"ఒట్టేస్తావా అక్కా?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఇర్మెలి పెదాలు తడుపుకుంది. "పేరు తెలీదు. గుంట గడ్డకట్టకుండా గెడతో నీళ్లు కదుపుతున్నాడే, తోలు టోపీ ముసలాయన. ఆయనే. ఎప్పుడూ లోపలికి రాడు. గుమ్మంలోంచే చెప్పి పోతాడు."

అదే సమయానికి అవతల తలుపు ధడాలున తెరుచుకుంది. చప్పట్లు, కేకలు. తౌనో బయటికి వెళ్లాడు.

సైమి కట్ట అందుకుంది. ఇర్మెలి రెండు చేతులతో ఆమె ఏప్రన్ పట్టుకుంది.

"ఒట్టేశావు."

"నువ్వు విల్యోకి వెయ్యలేదా?" అంది సైమి. "యూర్యోతో ఎన్ని కాఫీలు తాగావు?" ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. వెనక మనిషి నేల మీద పడిన చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు.

బయట చలి చెంపదెబ్బలా తగిలింది. తౌనో అప్పటికే నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. తోలు టోపీ ముసలాయన మర్యాదగా చెయ్యి అందిస్తున్నాడు. "దిగండి దొరా. నీళ్లు ఇవాళ దివ్యంగా ఉన్నాయి."

తౌనో రెండో కాలు ఎత్తాడు.

బిర్చి కట్ట అతని తొడ మీద పడింది. సూది పిడి దాకా దిగింది. తౌనో బూతు మొదలుపెట్టాడు గానీ పూర్తిచెయ్యలేకపోయాడు. సైమి అతన్ని నడుం పట్టి వెనక్కి లాగి, మంచు మీద పడేసి, పైన కూర్చుంది. గుమ్మంలో విదేశీ అతిథులిద్దరూ ఇదీ ఈ దేశపు ఆచారమే కాబోలనుకుని చప్పట్లు కొట్టారు.

ముసలాయన చప్పట్లు కొట్టలేదు. ఇనుప మొన ఉన్న గెడను ఆమె గొంతుకు గురిపెట్టి ముందుకొచ్చాడు. ఆయన కాళ్ల కింద జారకుండా పరిచిన చాప ఉంది. సైమి దాని అంచు పట్టి ఒక్క గుంజు గుంజింది. ముసలాయన గుంటలో పడ్డాడు. గెడ ఆమె చేతికొచ్చింది.

తల పైకి లేచింది. సైమి గెడను ఆయన భుజానికి ఆనించింది. "మిగతావాళ్లెవరు?"

ఆయన ఉమ్మాడు. ఆమె నొక్కింది. మునిగిన ప్రతిసారీ ముసలాయన అంతకు రెట్టింపు కోపంతో లేచాడు. ఆయన గ్రంథి భేషుగ్గా పనిచేస్తోందని సైమికి అర్థమైంది. అందుకే తొందరపడలేదు.

పడవల వెనక దాచిన అంబులెన్సుతో విల్యో మనుషులు వచ్చేసరికి ఆమెకు అన్ని పేర్లూ తెలుసు.

సోమవారం తౌనో తన దగ్గరున్న పేర్లతో పాటు ఆ పేర్లు కూడా సంఘం ముందు కుర్చీలో కూర్చునే చదివాడు. ఒళ్లు రుద్దే మనిషి తన మీద కూర్చుందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇర్మెలి చావలేదు. అంబులెన్సులో ఇంకో సూది దొరికేదాకా ఆమెను నిలిపింది చేపల నీళ్లేనంది హెల్వి. మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదని, నెలల మీద కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే మెదడు మళ్లీ కబుర్లు మొదలుపెడుతుందని, అప్పుడే గ్రంథి లేస్తుందని కూడా చెప్పింది. తగ్గించకపోతే ఎప్పటికీ లేవదంది.

"తగ్గించకు," అన్నాడు విల్యో, హెల్వి వెళ్లాక. "అటువైపు ఆమెను నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. మన చేతి మాత్ర మింగినన్నాళ్లూ మన మాటే వింటుంది."

సైమి ఎదురు చెప్పలేదు. ఇర్మెలిని ఉంచిన శాఖ వాళ్ల ఫ్లాటుకి రోజూ పొద్దున్నే వెళ్లి కాఫీ కాచి మాత్ర ఇస్తుంది. ఇర్మెలి అటువాళ్లకి పంపాల్సిన అబద్ధాలు రాసిపెట్టి ఆమె కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ముందు ఆ కాగితాలు ఇస్తుంది, తర్వాత చెయ్యి చాస్తుంది.

"ఇంకెన్నాళ్లక్కా ఈ మాత్రలు?" అని అడిగింది ఒకరోజు.

"నీ గ్రంథి నిద్ర లేచేదాకా."

"ఎప్పుడు లేస్తుంది?"

సైమి కాఫీలో పాలు పోసి, మాత్రను సాసర్ అంచున పెట్టింది. మొదటిరోజు ఎంతో, ఇవాళా అంతే.

"ఏమోనమ్మా," అంది. "దానిది మొద్దు నిద్ర."