మూడు ఆర్డర్లు, ఒకటే గోడౌన్

నిన్నటిదాకా ఈ కేసు చూసిన ఏజెంట్ పొద్దున్న లిఫ్టు గుంతలో శవమై దొరికాడు. ఆ కేసే ఇప్పుడు డేగ నెత్తిన పడింది. పేరుకే డేగ, గుండె మాత్రం పిచ్చుకది.

“మెమరీ చిప్పుల ఫ్యాక్టరీలు మూడే,” అన్నాడు చీఫ్. “పెద్ద కొనుగోలుదారు వేషంలో ఓ విదేశీ ముఠా మూడింటికీ ఒకే ఆర్డరిస్తోంది. ఎవరికి వాళ్లు ‘అబ్బో, ఇంత గిరాకీయా!’ అని రేటు పెంచేస్తున్నారు. రేటు ఆకాశాన్నంటగానే ముఠా దాచిన సరుకంతా అమ్ముకుని, ఆర్డర్లు రద్దు చేస్తుంది.”

“ఫ్యాక్టరీలు ఒకళ్లనొకళ్లు అడగొచ్చుగా సార్?”

“పోటీ కంపెనీలు రేట్ల గురించి కూడబలుక్కుంటే చట్టప్రకారం జైలే. పదకొండుకి మూడో ఫ్యాక్టరీ సంతకం. అది పడిందా, ఆస్పత్రి మానిటర్లు చేసే చిన్న కంపెనీలకి ఏడాదిపాటు ఒక్క చిప్పు దొరకదు. మొదటి రెండు ఆర్డర్ల సరుకూ ఏడో నంబర్ గోడౌన్‌కే. మూడో ఆర్డరు కాగితం మీదా అదే చిరునామా ఉంటే ఫొటో తీసి పంపు. గేటు దగ్గర మనవాళ్లుంటారు. లోపల ముఠా సెక్రటరీ మన మనిషే.”

దారిలో డేగ ఆ గోడౌన్ కిటికీలోంచి తొంగి చూశాడు. పైకప్పుదాకా పెట్టెలే.

పది యాభైకి ఏసీ మెకానిక్ వేషంలో మూడో ఫ్యాక్టరీ మీటింగ్ రూమ్‌లో నిచ్చెనెక్కాడు. చొక్కా గుండీలో కెమెరా. కాళ్లు వణికి నిచ్చెన టకటకలాడుతోంది. ఓరి దేవుడా, అందరికీ వినిపిస్తోందేమో!

ఎర్రకోటు సెక్రటరీ దగ్గరికొచ్చింది.

“ఫిల్టర్‌లో దుమ్ముందండీ,” కోడ్ చెప్పాడు.

“పాత దుమ్మేగా!” సరైన జవాబే. హమ్మయ్య అనుకుంటూ కిందికి దిగాడు.

“అయ్యో, గుండీ ఊడిపోతోందే!” అంటూ కెమెరాని పుటుక్కున తెంపి పిడికిట్లో పెట్టుకుంది. తర్వాత చెవిలో మెల్లగా అంది: “సంతకం అవనీ. ఇద్దరం లిఫ్టులో దిగుదాం.”

లిఫ్టా! అయితే ఈమె ముఠా మనిషే. పాపం, నిన్నటివాడితోనూ ఇలాగే అని ఉంటుంది.

అమ్మకాల మేనేజర్ పెన్ను తీశాడు. కాగితం మీద డెలివరీ చిరునామా కనబడుతోంది: గోడౌన్ నంబర్ ఏడు. పెన్ను కాగితానికి తగలబోతోంది. డేగ నోరు దానంతటదే తెరుచుకుంది.

“బాబోయ్! ఆ గోడౌన్‌లో చీమ దూరే సందు కూడా లేదండీ! పొద్దున్నే చూశాను, నిండా చిప్పుల పెట్టెలే!”

మేనేజర్ చెయ్యి ఆగిపోయింది. “దించుకునే చోటే లేనివాళ్లకి ఇంత సరుకెందుకమ్మా?”

సెక్రటరీ తలుపు వైపు జరిగింది. మేనేజర్ పెన్ను మూసి సెక్యూరిటీకి ఫోన్ చేశాడు. పారిపోబోయిన ఎర్రకోటు గేటు దగ్గరున్న చీఫ్ మనుషుల చేతికి చిక్కింది.

“శభాష్! భయమెయ్యలేదూ?” అడిగాడు చీఫ్.

“భయమెయ్యకపోతే అరిచేవాణ్ణే కాదు సార్.”

చీఫ్ కాసేపు ఆలోచించి, రిపోర్టులో ‘సమయస్ఫూర్తి’ అని రాసుకున్నాడు.