కిందికి చూసిన మొగ్గలు

కత్తెరకు ముప్ఫై ఆరేళ్లు; ఏ కొమ్మ చేతికొచ్చినా ముందు బొటనవేలితో దాని కణుపులు తడుముతుంది. కత్తెర అన్నది నర్సరీలో అందరూ ఆమెను పిలిచే పేరు. కొమ్మలు కోసి నాటే పని నేర్పింది అక్క. ఆ అక్క కనిపించక పదకొండు రోజులైంది.

"ఎవడితోనో పోయింది," అన్నాడు బావ. పోలీసులూ అదే రాసుకున్నారు. ఆడమనిషి కనబడకపోతే మొగుణ్ణి అడగడం కంటే ఆ మాట రాసుకోవడం తేలిక మరి.

మొక్కల నీడకు కట్టిన వలపందిరి చివర కొత్తగా వేసిన మడి మీద రేపు సిమెంటు పోయిస్తానన్నాడు బావ. అతను భోజనానికి వెళ్లగానే కత్తెర లోపలికి దూరింది.

ఆకుపచ్చటి మసక వెలుతురు. తడిమట్టి వాసన. ఆగిపోయిన నీటిగొట్టాల నుంచి చుక్కలు... టప్... టప్...

మడి నిండా బావ నాటిన మందార కొమ్మలు. చూడగానే నవ్వొచ్చింది. అన్నీ తలకిందులే! ఆకు రాలిన మచ్చకు పైన ఉండాల్సిన మొగ్గ కింద ఉంది. ఇరవయ్యేళ్లు యజమానిగా పెత్తనం చేశాడు, కొమ్మకు తలేదో కాలేదో తెలియదు. అక్క ఉండగా మొక్క ముట్టిన పాపాన పోలేదు. మరి ఈ మడి ఎందుకు నాటాడు?

నవ్వు ఆగిపోయింది.

ఇలా నాటిన కొమ్మ ఎండిపోవాలి. ఇవి ఎండలేదు. మొగ్గలు విచ్చి రెమ్మలేశాయి. ఏ రెమ్మైనా వెలుతురు కోసం పైకి వంగుతుంది. ఇవి సూటిగా మట్టిలోకి దిగిపోయాయి.

ఒక కొమ్మ పట్టుకుంది. బెరడు మీది సన్నటి రంధ్రాల నుంచి వెచ్చటి గాలి... అరచేతికి తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది.

"అక్కా..."

వేలి కింద కణుపు జరిగింది. రెండు కణుపుల నడుమ కాండం సాగుతోంది.

"లే అక్కణ్ణుంచి!"

బావ. చేతిలో పార. ఒక్క అంగలో మడిలోకి దిగాడు. రెండో అడుగు పడలేదు. చీలమండ చుట్టూ పచ్చటి రెమ్మ.

"కత్తెరా... దీన్ని కొయ్యి."

"అక్కేది బావా?"

"ముందు కొయ్యవే!"

"ముందు చెప్పు."

రెమ్మ మోకాలు దాటింది. అతని గొంతు పీలగా వచ్చింది. "కిందే... ఇక్కడే ఉంది."

ఆమె కొయ్యలేదు. అతని చేతిలోంచి పార లాక్కుంది. తవ్వింది. అరచేతులు చిట్లినా ఆపలేదు. "వస్తున్నానే అక్కా, వస్తున్నా," అంటూనే ఉంది. నడుములోతున అక్క పసుపు చీర కనిపించింది.

పోలీసులు వచ్చేసరికి బావ ఆ మడిలోనే నిలబడి అంతా చెబుతున్నాడు, ఎవరూ అడగకుండానే.

శవపరీక్ష చేసిన డాక్టరమ్మ మెడ ఎముక విరిగిందని రాసింది. చనిపోయి పదకొండు రోజులని రాసింది. ఎత్తు దగ్గర కలం ఆపి, "మీ అక్క బాగా పొడగరా?" అని అడిగింది.

అక్క కత్తెర భుజం దాకా వచ్చేది. బల్ల మీద ఆమె పాదాలు అంచు దాటి వేలాడుతున్నాయి. కీలుకూ కీలుకూ మధ్య... జానెడు ఎక్కువ.

పూడ్చిపెడదామన్నారు బంధువులు. కత్తెర మళ్లీ మట్టిలో పెట్టనివ్వలేదు. ఆ సాయంత్రమే దగ్గరుండి కాల్పించింది.