సి-14లో గోళ్ల రంగు వాసన

మా ఫ్యాక్టరీ కాలనీలో సి-14 క్వార్టర్‌కు మంచి పేరు లేదు. ఆరు నెలలుగా తాళం. కరెంటు కూడా తీసేశారు. అయినా చీకటి పడ్డాక ఆ కిటికీ పక్కగా వెళితే గోళ్ల రంగు వాసన వచ్చేది. తాజా వాసన... అప్పుడే సీసా మూత తీసినట్టు.

ఆ ఇంటి పిల్ల హిమబిందు ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతూ, బస్సులో హైదరాబాద్ వెళ్తుంటే హైవే మీద ప్రమాదంలో పోయింది. తల్లి వరలక్ష్మి ఇక ఆ ఇంట్లో ఉండలేక భీమవరంలో అక్క దగ్గరికి వెళ్లిపోయింది. తండ్రి శేషగిరిరావు ఫ్యాక్టరీ హాస్టల్లో గదికి మారాడు. వాసన సంగతి కాలనీ తేల్చేసింది — పిల్లే వచ్చి గోళ్లకు రంగేసుకుంటోందని. బతికుండగా ఆ అమ్మాయి గోళ్లకు రంగు నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట ఎవరికీ అక్కర్లేదు.

క్యాంటీన్‌లో పనిచేసే త్రివేణిది దగ్గర్లోని ఝరాసంగం ఊరు. రెండో షిఫ్టు భోజనాలయ్యాక వెనక గేటు దగ్గర ఆటో అందుకోవాలంటే సి-14 సందే దగ్గరి దారి. ఆ రాత్రి ఆలస్యమైంది.

"అట్ల పోకే. నీ గోర్లకు గూడ ఏస్తది," అంది తోటి పనామె యాదమ్మ.

"ఏస్తే ఏయనీ. ఎల్లుండి మా చిన్నాయన బిడ్డ పెండ్లే," అంది త్రివేణి.

అన్నదే గాని, సందులోకి వచ్చేసరికి అడుగుల వేగం పెంచిందట.

వాసన... ఘాటుగా.

తర్వాత చప్పుడు. స్... స్... స్... ఎవరో మెత్తగా గీకుతున్నట్టు. ఆగింది. మళ్లీ మొదలైంది.

కిటికీ తలుపు బెత్తెడు తెరిచి ఉంది. లోపల కొద్దిపాటి వెలుతురు. ఆ వెలుతురులో — ఒక చెయ్యి. చెయ్యి మాత్రమే. ఐదు గోళ్లూ ఎర్రగా...

త్రివేణి చేతిలోని టిఫిన్ డబ్బా జారి కింద పడింది.

చెయ్యి ఆగిపోయింది. కిటికీ పూర్తిగా తెరుచుకుంది.

"ఎవరమ్మా?" గుసగుసగా ఒక మగ గొంతు. శేషగిరిరావు.

"సారూ... మీరా? గీడ ఏం జేస్తున్రు?"

ఆయన వెనక తలుపు తీశాడు. బల్ల మీద బ్యాటరీ దీపం. పక్కన గాల్లో ఎగిరే విమానం నమూనా — 1934లో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా దాకా జరిగిన పందెంలో నెగ్గిన ఎర్ర విమానం, అసలుదాంట్లో పన్నెండో వంతు. తండ్రీకూతుళ్లు కలిసి మొదలుపెట్టారు. ఎడమ రెక్క హిమబిందుది, కుడి రెక్క ఆయనది. సన్నటి కర్రబద్దల మీద పల్చటి కాగితం అతికించి, ఆరుతూ దాన్ని బిగలాగే ఎర్ర మందు పూస్తారు. ఆ వాసన దానిదే. గోళ్లకంటిందీ అదే.

మూలన రెక్కలు కుప్పగా పడున్నాయి. పదకొండు. అన్నీ కుడివే.

"గివన్ని ఖరాబైనయా సారూ?"

"లేదమ్మా. అన్నీ బాగానే వచ్చాయి. అదే బాధ."

మందు ఆరేదాకా రెక్కను పిన్నులతో బల్లకు బిగించి ఉంచాలి. ఆ రోజు బస్సుకు టైమవుతోందని హిమబిందు తడి ఆరకముందే పిన్నులు తీసేసింది. రెక్క చివర మెలిపడింది. ఒక్క రెక్కకే మెలి ఉంటే విమానం పక్కకు ఒరిగి కూలుతుంది. కూతురి రెక్క విప్పి సరిచెయ్యాలి — లేదా ఆయన రెక్కకూ సరిగ్గా అంతే మెలి రావాలి.

"విప్పలేను," అన్నాడు. "అమ్మాయి తన చేత్తో అతికించిన కాగితం. ముప్పై ఏళ్లు తనిఖీ సెక్షన్లో ఉన్నానమ్మా. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపినవాణ్ణి. ఆరకుండా పిన్ను తీద్దామంటే... చెయ్యి రావట్లేదు. చూస్తూ కూచుంటాను. చక్కగా ఆరిపోతుంది."

పన్నెండో రెక్క బల్ల మీద తడిగా మెరుస్తోంది. ఆయన చేతిలో గరుకు కాగితం. అప్పుడే పదమూడో దానికి బద్దలు నున్నగా చేస్తున్నాడు.

గేటు దగ్గర ఆటో హారన్ రెండుసార్లు మోగింది.

త్రివేణి బల్ల దగ్గరికి వెళ్లింది. "ఎన్ని పిన్నులున్నయ్ సారూ?"

"ఇరవై రెండు."

"మీరు జర అటు దిక్కు తిరుగున్రి."

ఆయన గోడవైపు తిరిగాడు. ఆమె ఒక్కొక్కటే తీసి చీర కొంగుకు గుచ్చుకుంది. ఆటో వెళ్లిపోయింది. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. చాలాసేపు...

ఎవరూ ముట్టకుండానే రెక్క చివర మెల్లగా బల్ల నుంచి లేచింది. ఆగింది... ఇంకాస్త లేచింది.

శేషగిరిరావు ఎడమ రెక్క తెచ్చి దాని పక్కన పెట్టాడు. జేబులోంచి స్కేలు తియ్యలేదు.