మార్జిన్‌లో మూడు మాటలు

ఉదయం 9:10. బీరువా తెరిచే ఉంది. తాళం పగల్లేదు. రెండో అరలో రోగుల వివరాలు చేత్తో రాసిన రిజిస్టర్ లేదు.

శింగనమల దగ్గరి ఆ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో ఫ్యాన్ తిరుగుతోంది. గాలి లేదు. ఎస్సై మారెక్క టోపీ తీసి బల్ల మీద పెట్టింది. మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"పన్నెండుకు ఎంక్వైరీ కమిటీ వస్తుందండీ," అన్నాడు డాక్టర్ విజయభాస్కర్. కాకినాడ మనిషి. పదేళ్లుగా ఇక్కడే పని. "నా పేపరులో తప్పుందని ఎవరో రాశారు."

"ఏం పేపరు సార్?"

"పొగాకు ముట్టని ఆడవాళ్లకు నోటి క్యాన్సర్ ఎందుకొస్తోందని. అరవై రెండు మంది. ఎనిమిదేళ్లలో నాలుగు వందల పన్నెండు సైటేషన్లు."

"అంటే?"

"అంతమంది తమ పేపర్లలో నా పేపరును ఆధారంగా చూపించారు." గొంతు తగ్గించాడు. "కంప్యూటర్లో తప్పు ఎక్కించింది ఆ అమ్మాయి. బయటపడుతుందని రిజిస్టర్ మాయం చేసింది. కేసు రాయండి."

ఆ అమ్మాయి సువర్ణ. తాడిపత్రి నుంచి రోజూ బస్సులో వస్తుంది. గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కేసు రాస్తే ఉద్యోగం పోతుంది. జైలూ తప్పదు.

మారెక్క ఆమెను పక్కగదికి పిలిచింది.

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు మేడమ్. ఒకటి నా కాడ, ఒకటి సార్ కాడ."

"నిన్న ఎన్ని గంటలకు పోయినావు?"

"నాలుగున్నరకు."

"రోజూ?"

"ఆరుకు. నిన్న సారే పొమ్మన్నాడు."

"తప్పు ఎక్కించినావా?"

సువర్ణ కళ్లు తుడుచుకుంది. "సార్ చెప్పిందే ఎక్కించినా. ఆ సంగతి రిజిస్టర్లోనే రాసి పెట్టుకున్నా. అది దొరికితే చాలు మేడమ్."

9:50. మారెక్క బయటికి వచ్చింది. ఎండ అప్పుడే కాల్చేస్తోంది. గేటు దగ్గర ఒక ముసలామె ఎర్రగా ఉమ్మింది. పేరు నల్లమ్మ. అరవై రెండు మందిలో ఒకతె.

"ఏమవ్వా, నోటికి మందు తింటా మళ్లా ఏం నమల్తాండావు?"

"కడ్డిపుడి అమ్మా." పొట్లం చూపించింది. "నిన్న నాలుగింటికి సార్ గూడా చూసినాడు. వాసన చూసి తెల్లబోయినాడు. మా పొగాకు పొడిని ఎప్పుడూ చూల్లేదంట. పేరుకు పెద్ద డాక్టరు!"

మారెక్క నవ్వలేదు. లోపలికి నడిచింది.

10:20. బల్ల మీద కంప్యూటర్ ప్రింటవుట్. అలవాటు అన్న గడిలో ఒకే మాట. టూత్ పౌడర్. అరవై రెండు సార్లు.

"రిజిస్టర్ మీరెప్పుడైనా చూసినారా సార్?"

"లేదండీ. అది సువర్ణ పని. నాకు కంప్యూటరే."

"ఒక్కసారి గూడా?"

"తెరవను కూడా లేదు."

"మరి తప్పు యాడుంది?"

"కడ్డిపుడి అని ఉన్న చోటల్లా టూత్ పౌడర్ అని కొట్టింది. ముప్పై ఏడో పేజీ మొదలు అరవై రెండు మందికీ అంతే."

మారెక్క పెన్ను ఆగింది.

"యా పేజీ సార్?"

విజయభాస్కర్ ప్రింటవుట్ కోసం చెయ్యి చాపాడు.

"కంప్యూటర్లో పేజీలు లేవు. కడ్డిపుడి అన్న మాటా లేదు. నేనూ అనలేదు. తెరవని పుస్తకంలో పేజీ నంబరు ఎట్ల తెలిసె?"

విజయభాస్కర్ చూపు తన గది తలుపు మీదికి పోయింది.

వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన గదిలో ఒక అట్టపెట్టె. నిండా ఆయన పేపరు అచ్చు కాపీలు. వాటి అడుగున రిజిస్టర్.

ముప్పై ఏడో పేజీ. కడ్డిపుడి. పక్కన మార్జిన్‌లో ఎనిమిదేళ్ల కిందటి తేదీ. సువర్ణ చేతిరాత: 'సారు చెప్పినట్లు ఎక్కించినా.'

"కడ్డి అంటే పుల్ల, పుడి అంటే పొడి, పండ్లు తోముకునేదే కదా అన్నాడు మేడమ్," అంది సువర్ణ. "అది కాదు సార్ అని రెండుసార్లు చెప్పినా. ఇంగ్లీషు నీకు తెలుసా నాకు తెలుసా అన్నాడు."

"నిన్న పొట్లం చూసినాక సారుకు తెలిసింది," అంది మారెక్క. "పేపరు పోతాదని కాదు. తప్పు ఎవరిదో ఆ మార్జిన్ చెప్తాదని దాచినాడు."

నల్లమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అంతా విన్నట్టుంది. చేతిలో పొట్లం అట్లే ఉంది.

"అయితే ఇది పారేయమని ఇన్నేండ్లు నాకెవురూ ఎందుకు చెప్పలేదు సార్?"



మారెక్క టోపీ పెట్టుకుంది. కానిస్టేబుల్‌ను ఆయన పక్కన కూర్చోబెట్టింది.

"సువర్ణా, ఈ అరవై రెండు మందిలో ఇంకా ఎంతమంది బతికుండారు?"

సువర్ణ రిజిస్టర్ తెరవలేదు.

"పంతొమ్మిది మంది మేడమ్. అందరిండ్లలోనూ ఈ పొట్లమే."

"జీపెక్కు."